పేరు తలచువారు లేనివారు



మా కళింగపట్నము వైపున "పెద్దలు" అను మాటకు రెండర్థములు కలవు. అరుగుమీద కూర్చుండి మంచిచెడ్డలు చెప్పువారు పెద్దలు. ఈ లోకమును విడిచిపోయినవారును పెద్దలే. "పండుగకు పెద్దలకు పెట్టుకొంటిమి" అని ఇల్లాలు చెప్పినచో, ఆ పెట్టుట బ్రదికియున్నవారికి కాదని పసిపిల్లలకును తెలియును. ఒకే మాట ఇరువురికిని చెల్లుటలో న్యాయమున్నది. నేడు అరుగుమీద నున్నవారమే రేపు ఆ రెండవ వరుసలో చేరుదుము. మనము మన పెద్దలనెట్లు తలచుకొందుమో, మన బిడ్డలు మనల నట్లే తలచుకొందురు. చుట్టములందఱు ఒక యింట కూడి, గతించిన యొకరిని తలచుకొను దినమునుగుఱించి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

వంశధార ఒడిస్సా కొండలలో పుట్టి, శ్రీముఖలింగమును ఒరసికొని ప్రవహించి, మా యూరివద్ద సముద్రమున కలియును. ఆ నదికి దక్షిణపు గట్టున, మా యూరికి కొలదిదూరముననే శాలిహుండము కొండ యున్నది. అచ్చటి బౌద్ధశిథిలములను 1919వ సంవత్సరమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు గుర్తించి లోకమునకు తెలియజేసిరి. స్తూపమనగా నేమి? గతించిన మహనీయుని అస్థిశేషమును పేటికలో నుంచి, దానిపై నిటుకలు పేర్చి, చుట్టును ప్రదక్షిణము చేయుటకు త్రోవ విడిచిన కట్టడము. ఆ కొండమీద అట్టి పేటికలును బయల్పడినవి. గతించినవారికొఱకు జనులు ఒకచోట గుమిగూడుట మా నదీముఖమున దాదాపు రెండువేల యేండ్లనాటి అలవాటన్నమాట. అయితే స్తూపము మహనీయులకే కట్టుదురు. సామాన్యుని కెవరు కట్టుదురు? వాని చుట్టముల నాలుకయే వానికి స్తూపము.

ఆ నాలుక కదలుటకు మన ఇండ్లలో మూడు సందర్భము లున్నవి. మొదటిది ఆబ్దికము. దీనినే వాడుకలో తద్దినమందురు. గతించిన మాసము, పక్షము, తిథి మఱల వచ్చినప్పుడు, అపరాహ్ణకాలమున ఆ తిథి యున్న దినమున దీనిని జరుపుదురు. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములే గనుక ఈ దినము ఇంగ్లీషు క్యాలెండరులో ఏటేట పదునొకండు దినములు ముందునకు జరుగుచు, అధికమాసము వచ్చినప్పుడు మఱల వెనుకకు పోవుచుండును. పంచాంగము చూడక ఆబ్దికము తెలియదు. రెండవది భాద్రపద బహుళమున వచ్చు మహాలయపక్షము. అప్పుడు తండ్రి, తాత, ముత్తాతలకే గాక, తల్లి వైపువారికి, పినతండ్రులకు, మేనత్తలకు, తోబుట్టువులకు, అత్తమామలకు, గురువులకు, స్నేహితులకుగూడ తిలోదకము విడుతురు. మూడవది సంక్రాంతి. మా శ్రీకాకుళము, విజయనగరము సీమలలో ఆనాడు పెద్దలకు క్రొత్తబట్టలు పెట్టి, ధూపము వేసి, వండినది నివేదించి, ఆ బట్టలను పిమ్మట తామే కట్టుకొందురు. తల్లికి పెట్టిన చీర కూతురు కట్టుకొని గడపలో నిలుచుట చూచినవారికి ఈ యాచారము యొక్క అర్థము నేను విప్పి చెప్పనక్కఱలేదు.

ఇక మా యింటి సంగతి. మా పెదతల్లిగారు తొంబది యేండ్లు జీవించి గతించిరి. ఆమె తొలి యాబ్దికమునకు విశాఖపట్టణము, ఖరగ్‌పూరు, హైదరాబాదు, బెంగుళూరులనుండి ముప్పదిమందికి పైగా చుట్టములు వచ్చిరి. భోక్తలు లేచిన పిమ్మట, మా భోజనములు ముగిసి, అందఱము నడవలో చాపలమీద కూర్చుంటిమి. మా పెదతల్లిగారి పెట్టెలో దొరకిన పుస్తకము నొకదానిని ఆమె జ్యేష్ఠపుత్రుడు తెచ్చి నా చేతిలో పెట్టి, పెద్దగా చదువుమనెను.

అది ఎఱ్ఱ అట్టగల పాత లెక్కల పుస్తకము. అందులో వంశమున గతించినవారి తిథులన్నియు ఆమె వ్రాసియుంచెను. ఏటేట ఉగాదికి క్రొత్త పంచాంగము రాగానే, ఎవరి తిథి ఏ తేదీన పడునో చూచి, ఆయా యింటివారికి జాబు వ్రాయుట ఆమె యలవాటు. కన్నులు కనబడని దినములలో మనుమరాలిచేత టెలిఫోను చేయించెడిది. ప్రతి తిథి ప్రక్కను ఒక చిన్నమాట కూడ వ్రాసినది. "పనసపొట్టు కూర యిష్టము." "చింతచెట్టు అమ్మవద్దని చెప్పి పోయినారు." "కోపిష్ఠి, కాని అప్పు ఉంచుకొనలేదు." మనిషి మొత్తము ఒక పంక్తిలో లేచి నిలుచున్నట్లుండెను. పెదతల్లిగారిది పొగడ్తలకు లొంగు స్వభావము కాదు. ఆమె నోటికి అందఱమును వెఱచువారమే. పుస్తకము చదువుచుండగా ఆనాడు నవ్వులును, కన్నీళ్ళును కలిసియే వచ్చినవి.

చివరి పుటలో ఇద్దఱున్నారు. "రంగూను తాత. తిథి లేదు. మహాలయామావాస్య." దాని క్రింద, "రంగూను మామ్మ" అని వ్రాసి ఆమె తిథి యున్నది. పేరు లేదు.

పిల్లలు ఎవరీ రంగూను తాత యని యడిగిరి. మా తాతగారికి ఆయన తమ్ముడు. ఆ కాలమున ఈ తీరపు పల్లెలనుండి వేలాది జనము ఓడలెక్కి బర్మాకు పోయి, రంగూను రేవులో మూటలు మోసియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు, లెక్కలు వ్రాసియు పొట్ట పోసికొనిరి. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరవాసులలో సగముకంటె నెక్కువమంది భారతీయులే. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు ఆ నగరముపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. ఓడలలో చోటు దొరకనివారు అడవులును, కొండలును దాటి మణిపురము దిక్కునకును, ఆరకాను తీరమునకును కాలినడకను బయలుదేరిరి. సుమారు ఐదులక్షల భారతీయులు ఆ యేడు బర్మా విడిచిరని చెప్పుదురు. దారిలో విషూచి చేతను, మన్యపు జ్వరముల చేతను, ఆకలి చేతను వేలాదిమంది రాలిపోయిరి. మా చినతాత బయలుదేరినట్లు తోడివారొకరు చెప్పిరి. చేరినట్లు ఎవరును చెప్పలేదు.

ఆయన భార్య అప్పటికి పదునెనిమిదేండ్లది. సంతానము లేదు. ఆమె బొట్టు తుడువనీయలేదు. పెద్దలు రెండుమూడు పర్యాయములు ప్రస్తావించి, ఆమె ముఖము చూచి ఊరకుండిరి. తుదివఱకు కుంకుమతోనే తిరిగి, కుంకుమతోనే పోయినది. తానెన్నడును చూడని నగరము పేరే ఊరివారు ఆమెకు పెట్టిరి. ఆమె బ్రదికియున్నంతకాలము మా యింట ఆయనకు తిలోదకము విడువలేదు. ఆమె పోయిన యేటి మహాలయామావాస్యనాడు మా పెదతండ్రిగారు తొలిసారి ఆయన పేరు చెప్పి నీళ్ళు విడిచిరి. తిథి తెలియనివారికి అమావాస్య గాని, కృష్ణైకాదశి గాని గ్రహింపవచ్చునని ధర్మశాస్త్రములు చెప్పినవి. దూరదేశమున పోయినవారు, సముద్రమున పోయినవారు ప్రాచీనకాలమునను ఉండిరి గనుకనే ఈ నియమము పుట్టినది. వేటకు పోయి తిరిగిరాని వారి ఇండ్లు మా సముద్రపుటొడ్డున నెన్ని యున్నవో మీ రెఱుగుదురు.

అప్పుడు మా పెదతల్లిగారి రెండవ కుమారుడు ఒక ప్రశ్న వేసెను. అతడు చదువుకొన్నవాడు, ఆచారమునందు భక్తి కలవాడు. "అన్నా, మనకు తండ్రి, తాత, ముత్తాత యని మూడు తరములే విధి. వసు, రుద్ర, ఆదిత్య రూపులని వారికే పిండములు. ఈ ఇద్దఱు ఆ వరుసలో లేరు. నాన్నగారికి ఆయన పినతండ్రి గనుక చేసినారు. మనకు అవసరమా? ఇట్లు చేర్చుకొనుచు పోయిన ఈ జాబితాకు అంతెక్కడ? రేపు మన పిల్లలు బరువని మొత్తమే విడిచిపెట్టరా?"

ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆ నడవలో చాలమంది మనసులోని మాట అదియే. నేను శాస్త్రముననుండియే సమాధానము చెప్పితిని. తర్పణము ముగిసిన పిమ్మట తడిబట్టను పిండి, ఆ నీటిని నేలపై విడుచుట మన మందఱము చూచినదే. ఆ నీరెవరికి? మన కులమున పుట్టి, సంతానము లేక గతించిన సగోత్రుల కందఱకు. వారికి వేఱుగా పిండము లేదు, విస్తరి లేదు. బట్ట పిండిన నీరు మాత్రమే. ఐనను ఆ నీరు విడువనిదే తర్పణము పూర్తి కాదు. మన పూర్వులు మూడు తరములకు హద్దు వేసి, ఆ హద్దుకు వెలుపలనున్న వారికొఱకు తలుపొకటి తెఱచియుంచిరి. తండ్రిని తలచుకొనుట కొడుకునకు గొప్ప గాదు. తలచువారు లేనివారిని తలచుకొన్ననాడే వంశమనుమాట నిలుచును.

అతడు వినెను గాని, "పేరైనను తెలియనివారికి ఏమని చెప్పుదుము?" అనెను. ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పవచ్చును. కాని మన యింట నలువదియేండ్లకు పైగా మెలగిన యిల్లాలి పేరు తెలియకపోవుటకు ఏ శాస్త్రము పరిహారము చెప్పును?

అంతలో పెరటిలో అంట్లు తోముచున్నచోట ఒక పిల్ల కేకవేసినది. చింతపండుతో తోమిన పాత యిత్తడి బిందెమీద అక్షరములున్నవట. మా వైపున పెండ్లికూతురితో పంపు పాత్రలపై ఆమె పేరు చెక్కించుట పూర్వాచారము. ఇంటి పెద్దకోడలు బిందె నెత్తి చూచి, "ఇది రంగూను మామ్మతో వచ్చిన బిందె. అత్తగారు దీనిని ఎవరిని ముట్టనిచ్చెడివారు కారు" అనెను. పిల్ల ఒక్కొక్క యక్షరమే కూడబలుకుకొని చదివినది. నడవలో నున్న ముప్పదిమందిలో ఒక్కరును ఆ పేరు అంతకుముందు విని యెఱుగరు. ప్రశ్న వేసిన తమ్ముడే కలము తీసి, ఎఱ్ఱ అట్ట పుస్తకములో ఆమె తిథికి ముందు ఆ పేరు వ్రాసెను. మహాలయమున తిలోదకము కొనసాగింతునని గాని, మానుదునని గాని అతడు చెప్పలేదు. నేనును అడుగలేదు.

ఇందులో మన యిండ్లన్నిటికిని పనికివచ్చు సంగతి యొకటి కలదు. తర్పణమున తల్లి, నాయనమ్మ, ముత్తవల పేర్లు చెప్పవలసియున్నది. పురోహితుడు "పేరు చెప్పుడు" అనగానే ముత్తాత పేరు చెప్పినవాడు, ముత్తవ దగ్గఱకు వచ్చుసరికి ప్రక్కవారి ముఖము చూచును. స్త్రీ పేరు స్మరింపుమని శాస్త్రము కోరుచున్నది. మన వాడుక యేమో "ఫలానావారి భార్య", "పెద్దకోడలు", "ఆ యూరామె" యని ఆ పేరు మ్రింగివేయుచున్నది. బిందెలు కరగించి అమ్ముకొను ఈ దినములలో ఆ పేర్లు ఇంకెక్కడ దొరకును?

రెండవ సంగతి ఖర్చు. చుట్టములు కూడుట యనగానే అప్పు చేసి వందలమందికి వడ్డించుట గౌరవమని కొందఱు తలతురు. మనువు శ్రాద్ధమున దేవతల కిద్దఱు, పితరులకు మువ్వురు చాలుననియు, ధనవంతుడైనను విస్తరమునకు పోరాదనియు హెచ్చరించెను. ఏమియు లేనివాడు అడవిలో చేతులు పైకెత్తి, నావద్ద భక్తి తప్ప వేఱు ధనము లేదని చెప్పుకొన్నను పితరులు తృప్తులగుదురని విష్ణుపురాణము చెప్పుచున్నది. దూరముననున్నవారికి తిథినాడు సెలవు దొరకకపోవచ్చును. కర్తయైనవాడు తిథి తప్పక విధి నడపవలెను. కుటుంబము కూడుటకు మా సీమలో సంక్రాంతి యున్నది. ఆనాడు ఎట్లును అందఱును ఇల్లు చేరుదురు. బట్టలు పెట్టిన పిమ్మట ఒక గడియ కూర్చుండి పేర్లు చదువుకొన్నచో దానికి వేఱు ఖర్చు లేదు.

శాలిహుండమును గుర్తించిన రామమూర్తి పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి. లోకము వారిని జన్మదినమైన ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవమని తలచుకొనుచున్నది. వ్యావహారికము కొఱకు జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ఈ గ్రాంథికములో తలచినందుకు ఆయన నన్ను మందలింతురేమో! ఐనను పెద్దలు మందలింతురని తలచుట మానరాదు గదా. అట్టివారిని తలచుటకు దేశమున్నది. రంగూను మామ్మకు మేమే దిక్కు.

కావున గ్రామములలోని పెద్దలకు నా మనవి యిది. మీ జ్ఞాపకముననున్న పేర్లను, తిథులను, ఊర్లను ఒక పుస్తకమున వ్రాయింపుడు. స్త్రీల పేర్లు స్త్రీలనే యడిగి వ్రాయింపుడు. పరదేశమున పోయినవారిని, పిల్లలు లేక పోయినవారిని మొదటి పుటలో చేర్పుడు. ప్రతి పేరు ప్రక్కను ఒక్క నిజమైన మాట వ్రాయుడు; పొగడ్త యక్కఱలేదు. దానికి నాలుగు ప్రతులు తీయించి నాలుగిండ్ల నుంచుడు. మా పుస్తకమునకు ఇప్పుడు ఆఱు ప్రతులున్నవి. పెదతల్లిగారి పేరు ప్రక్కను ఏమి వ్రాయవలెనని ఆనాడు చాలసేపు చర్చ జరిగినది. తుదకు, "అందఱిని గుఱుతు పెట్టుకొన్నది" అని వ్రాసిరి.