ఎ.బి.ఎస్. – రోడ్డు మీద ఒక రూలు, పందెంలో ఇంకొక రూలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఇక్కడ బి.పి., షుగరు, డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీరు రవాణా శాఖలో చేశారు గదా, పిల్లలకు పనికివచ్చేలా కార్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను అక్కడ ఫైళ్ళు నడిపినవాణ్ణే గాని కార్లు నడిపినవాణ్ణి కాను. అయినా ఫైలు చదివినట్టే ఈ విషయమూ శ్రద్ధగా చదివాను.

గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. జారే చక్రం స్టీరింగు మాట వినదు. అందుకని ఎ.బి.ఎస్.లో ప్రతి చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సారు పెడతారు. చక్రం బిగుసుకోబోతుంటే కంప్యూటరు దాని బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు వదిలి మళ్ళీ పడుతుంది. జర్మనీలోని బాష్ కంపెనీ దీన్ని 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లకు అందించింది. 1995లో ఆ రెండు కంపెనీలే ఇ.ఎస్.పి. తెచ్చాయి. మలుపులో కారు పక్కకు తిరిగిపోతుంటే అది ఒక్క చక్రానికి బ్రేకు వేసి దారికి తెస్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి.

ఇదంతా ఎవరి కోసం? గేదె అడ్డం వస్తే ఉలిక్కిపడే మనలాంటివారి కోసం. వానలోనూ, ఇసుకలోనూ, అరిగిన టైర్ల మీదా పని చెయ్యాలి. కాబట్టి దాని స్వభావం ఆడిటువారిది: అనుమానం వస్తే ముందు బిల్లు ఆపు, విచారణ తరువాత. రేసు డ్రైవరు సంగతి వేరు. టైరు కొద్దిగా జారుతున్నప్పుడే దాని పట్టు ఎక్కువ. ఆ అంచు మీదే అతను కోరి ఉంటాడు. మనకు ప్రమాదమనిపించేది అతనికి నిత్యకృత్యం.

అక్కడ రోడ్డు ఎ.బి.ఎస్. ఒక్కోసారి తిరకాసు పెడుతుంది. ట్రాకు అంచున రంగులు వేసిన గట్టు ఉంటుంది. బ్రేకు మీద ఉండగా చక్రం దానిమీద ఎగిరితే ఒక్కసారిగా వేగం పడిపోతుంది. కంప్యూటరు అది మంచుగడ్డ అనుకుని ఒత్తిడి తగ్గించేస్తుంది. పెడలు రాయిలా గట్టిపడుతుంది, కారు ఆగదు! రేసు వాళ్ళు దీన్ని "ఐస్ మోడ్" అంటారు. ఇ.ఎస్.పి. అయితే మలుపు మలుపుకీ బ్రేకు వేస్తూ బ్రేకులను కాల్చేస్తుంది.

"అయితే ఫ్యూజు పీకేస్తే సరి, తాతయ్యా" అన్నాడు మా మనవడు. వాడికి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద తన కారు నడపాలని సరదా. నేనన్నాను, "ఒరేయ్, పాత కార్లలో వెనుక చక్రాలకు ఎంత బ్రేకు వెళ్ళాలో ఒక వాల్వు చూసుకునేది. ఇప్పటి చాలా కార్లలో ఆ పనీ ఎ.బి.ఎస్. కంప్యూటరుదే. ఫ్యూజు పీకితే రెండూ పోతాయి. వెనుక చక్రాలు ముందుగా బిగిస్తే కారు బొంగరమైపోతుంది." మెకానిక్కూ అదే చెప్పాక విన్నాడు. మంచి బ్రేకు ప్యాడ్లు, ఎక్కువ వేడికి గాని మరగని బ్రేకు ఆయిలు వేయించుకుని, ఎ.బి.ఎస్. ఉంచుకునే వెళ్ళివచ్చాడు.

అసలు రేసు వాళ్ళు చేసేది మార్పు, పీకడం కాదు. 2006లో మొదలైన జి.టి.3 పందేలలో పోర్షె, ఫెరారీ వంటి రోడ్డు కార్ల నుంచి తయారుచేసినవి పరుగెత్తుతాయి. సరదాకు నడిపే ఆసాములూ పాల్గొంటారు గనుక వాటిలో ఎ.బి.ఎస్., ట్రాక్షన్ కంట్రోల్ రెండూ అనుమతిస్తారు. బాష్ వారే రేసులకని వేరే యూనిట్టు అమ్ముతారు. దానికి పన్నెండు స్థానాల నాబు. వాన పడితే ఒక అంకె, ఎండ కాస్తే ఇంకొకటి, డ్రైవరే తిప్పుకుంటాడు. మన భాషలో చెప్పాలంటే అధికారికి విచక్షణాధికారం ఇచ్చారన్నమాట. టైరు చుట్టుకొలత కూడా కంప్యూటరుకు సరిగ్గా చెప్పాలి, లేకపోతే చక్రాల వేగాల లెక్కే తప్పుతుంది. ట్రాక్షన్ కంట్రోలు బ్రేకు జోలికి పోకుండా ఇంజను శక్తిని తగ్గిస్తుంది. ఇ.ఎస్.పి. మాత్రం వీటిలో ఉండదు.

ఫార్ములా వన్ వారిది ఇంకో కథ. 1993లో విలియమ్స్ కారు నిండా ఇలాంటి సాయాలే, ఆ ఏడు ప్రోస్ట్ ఛాంపియన్. 1994 నుంచి అన్నీ నిషేధం. ట్రాక్షన్ కంట్రోలును 2001లో మళ్ళీ అనుమతించి, 2008లో మళ్ళీ తీసేశారు. జీ.వో. ఇవ్వడం, రద్దు చెయ్యడం, పునరుద్ధరించడం మనకొక్కరికే చెల్లలేదు!

ఇక కాగితాల మాట. తయారీదారు ఇచ్చిన వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. పిల్లలు ట్రాకు కోసం మార్పించిన కారునే రోడ్డు మీదికి తెస్తామంటే ముందు ఇది చూపించండి. ఇంటికి వెళ్ళాక ఇన్సూరెన్సు సర్టిఫికెట్టు తీసి, "వాడుక పరిమితులు" అన్న పేరా చదివించండి. పందేలకు, వేగ పరీక్షలకు పాలసీ వర్తించదని సాధారణంగా అందులోనే ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నవి, కళ్ళజోడు దగ్గర పెట్టుకోండి.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.