పికప్పు బండ్లలో విద్యుత్ప్రమాదములు

(సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో వర్తకము, సేద్యము, బాడుగ బండ్లు జీవనాధారముగా గలవారు పెక్కుమంది కలరు. గులాబీలు, టొమాటోలు, కిరాణా సరకులు టన్నుకు పైగా మోయు పికప్పు బండి నేడు మనకు కాడెద్దుల జతవంటిది. ఎద్దునకు జబ్బు చేసిన మేత మానును, మనకు తెలియును. బండిలోని తీగలకు జబ్బు చేసిన పొగ వచ్చువరకు తెలియదు. కావున ఆ విషయమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయుచున్నాను. నేను ఇంజనీరును గాను, మెట్రిక్యులేషను చదివి అంగడిలో కూర్చున్నవాడను. బండ్లు నడిపించువారికి అవసరమైనంత మాత్రమే చెప్పెదను.

ఇంటి కరెంటు 230 వోల్టులు. ముట్టిన షాకు కొట్టును గావున దానికి భయపడుదుము. బండి బ్యాటరీ సాధారణముగా 12 వోల్టులు మాత్రమే. తాకినను షాకు కొట్టదు గావున దానిని లక్ష్యపెట్టము. ప్రమాదమునకు మూలమిదియే. డీజిలు ఇంజనును త్రిప్పుటకై ఆ బ్యాటరీ వందల ఆంపియర్ల కరెంటును ఈయగలదు. పాజిటివ్ తీగ మీది తొడుగు ఒరసికొనిపోయి, లోపలి రాగి బండి ఇనుమునకు తగిలినచో, ఆ కరెంటంతయు ఒక్కసారిగా పారి తీగ క్షణములలో ఎర్రగా కాగును. ప్రక్కనే డీజిలు గొట్టము ఉండనే యున్నది.

అమెరికా దేశమున జరిగిన సంగతి ఒకటి వినుడు. ఫోర్డు కంపెనీవారి అనేక వాహనములలో, పెద్ద బరువులు లాగు సూపర్ డ్యూటీ పికప్పులతో సహా, వేగమును నిలకడగా ఉంచు సాధనమునకు చెందిన చిన్న స్విచ్చి యొకటి ఉండెడిది. తాళపుచెవి తీసివేసినను ఆ స్విచ్చికి కరెంటు అందుచునే యుండెను. దానిలోని పలుచని పొర చిట్లి బ్రేకు ద్రవము లోనికి చేరగా, స్విచ్చి వేడెక్కి, నిలిపియుంచిన వాహనములు అంటుకొన్నవి. కొన్ని చోట్ల ఇండ్లును కాలినవి. 1999 మొదలు 2009 వరకు పలు దఫాలుగా 1 కోటి 40 లక్షలకు పైగా వాహనములను కంపెనీవారు మరమ్మతునకై వెనుకకు పిలిచిరి. వారు చేసిన మరమ్మతు ఏమనుకొంటిరి? ఆ తీగకు ఒక చిన్న ఫ్యూజు చేర్చుట!

ఇందు మనకు పాఠములు రెండు. తాళము తీసినంతమాత్రమున కరెంటు ఆగిపోయినట్లు కాదు. ఫ్యూజు చిన్నదైనను బండికి ప్రాణరక్షకము.

ఫ్యూజనగా తీగ కాలకమునుపే తాను తెగి దానిని కాపాడు కావలివాడు. అట్టి కావలివానిని మనమే తొలగించుచున్నాము. దారిలో ఫ్యూజు ఎగిరినచో, పూలు వాడిపోవునను తొందరలో, రాగి పోగో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో చుట్టి బండి కదలించువారు కలరు. 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు స్థానమున 30 ఆంపియర్ల పచ్చ ఫ్యూజు పెట్టుటయు అటువంటిదే. ఒకే ఫ్యూజు మరల మరల ఎగిరినచో దోషము ఫ్యూజుది కాదు. ఆ తీగను వెదకి బాగుచేయింపవలెను.

వెలుతురు చాలదని 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు తీసి 100 వాట్లవి పెట్టుట మరియొక దురలవాటు. రెండు బల్బులకు 9 ఆంపియర్లు మోయు తీగ అప్పుడు 17 ఆంపియర్లు మోయవలసి వచ్చును. కరెంటు రెట్టింపైన వేడి నాలుగు రెట్లగును. ఈ లెక్కన ఆ తీగలో వేడి మూడు రెట్లకు మించును. అదనపు దీపములు, హారన్లు పెట్టదలచినచో వానికి తగిన లావు తీగను, వేరు ఫ్యూజును, రిలేను పెట్టించుడు. ఉన్న తీగను గీకి అతుకు వేయింపకుడు.

కొన్ని గుర్తులు గమనింపుడు. బ్రేకు త్రొక్కినప్పుడు ఇండికేటరు మినుకుమినుకుమన్నచో ఎర్త్ వదులైనదని అనుమానింపవలెను. రబ్బరు కాలిన వాసన వచ్చినచో గమ్యము చేరిన పిదప చూతమనక, తక్షణమే బండి నిలుపవలెను. ధాన్యము, కిరాణా మోయు బండ్లలో ఎలుకలు తీగలు కొరుకును. వారమునకొకమారు బానెట్ ఎత్తి చూడవలెను. బ్యాటరీ విప్పునప్పుడు నెగటివ్ తీగను ముందు తీసి, బిగించునప్పుడు చివర బిగింపవలెను. ఆ క్రమము తప్పినచో, పాజిటివ్ మీది స్పానరు ఇనుమునకు తగిలి నిప్పులు చెరుగును.

బానెట్ క్రింద మంట కనబడినచో ఇంజను ఆపి, అందరును దిగి దూరముగా పోవలెను. బానెట్ పూర్తిగా ఎత్తరాదు. గాలి తగిలి మంట పెరుగును. డీజిలు మంటపై నీరు చల్లరాదు, మంట వ్యాపించును. మంట చిన్నదైనచో సందులోనుండి పొడి చల్లు ఆర్పుడు సాధనమును వాడవచ్చును. బండిని రక్షింపబోయి ప్రాణములు పోగొట్టుకొనరాదు.

సోదరులారా! ట్రిప్పు ముగిసిన పిదప మన డ్రైవరు, క్లీనరు తరచు ఆ బండిలోనే నిద్రించుచుందురు. వారిలో పలువురు మన బంధువుల బిడ్డలే. కొలది రూపాయల ఫ్యూజునకు వెనుకాడి వారిని అపాయమునకు గురిచేయుట ధర్మము కాదు. ప్రతి బండిలోను తగిన ఫ్యూజుల పొట్లమొకటి, ఆర్పుడు సాధనమొకటి ఉంచుదమని ఈ సభలోనే నిశ్చయింపవలెనని యజమానులను ప్రార్థించుచున్నాను.