వార్తా చానళ్లలో ఖాళీలు: లోపలివారికా, బయటివారికా?



జర్నలిజం చదివే మన పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "టీవీలో ఉద్యోగాలు ఎప్పుడు పడతాయి?" చాలావరకు పడవు, లోపలే నిండిపోతాయి. డెస్కులో ఒకరు మానేస్తే పక్కసీటు మనిషి తన స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. బ్యూరో ఇన్‌చార్జి పోస్టు ఉన్న రిపోర్టర్లలోనే ఒకరికి ఇస్తారు. పని తెలిసినవాళ్లకు పైమెట్టు దక్కడం న్యాయమే. కానీ మనవాళ్లు లేని గదిలోంచే మనుషుల్ని ఎంచుకుంటూ పోతే, ఇరవై ఏళ్లయినా ఆ గది అలాగే ఉంటుంది. ప్రైవేటు చానళ్లకు రిజర్వేషన్ నిబంధన కూడా లేదు.

ప్రసార భారతి సంగతి వేరు. కేంద్ర కొలువుల్లో అఖిల భారత స్థాయి బహిరంగ పోటీ నియామకాల్లో ఎస్టీలకు 7.5 శాతం వాటా ఉంది. 1995లో 77వ సవరణతో వచ్చిన 16(4ఎ) అధికరణం పదోన్నతుల్లోనూ రిజర్వేషన్‌కు దారి తెరిచింది. కాగితం మీద రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. అయితే అక్కడా క్యాజువల్, కాంట్రాక్టు పనులే పెరిగాయి. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌కు నెలకు ఆరు డ్యూటీలు. ఏళ్ల తరబడి మైకు ముందు కూర్చున్నా లెక్కలో బయటి మనిషే!

ఇక మన స్ట్రింగర్లు. పాడేరు, ఉట్నూరు వైపు వాగు దాటి వెళ్లి, డోలీలో మోసుకొస్తున్న గర్భిణిని చిత్రీకరించి పంపేది వీళ్లే. చాలామందికి జీతం ఉండదు, స్టోరీకి ఇంత అంటారు, పైగా యాడ్లు తెమ్మంటారు. హైదరాబాద్‌లో సబ్ ఎడిటర్ ఖాళీ వస్తే లోపలివారి జాబితాలో వీళ్ల పేరుండదు. బయటికి ప్రకటన ఇస్తే డిగ్రీ, డిప్లొమా అడుగుతారు.

అందుకే మేం రెండు అడుగుతున్నాం. మొదటి మెట్టు పోస్టులకు బహిరంగ ప్రకటన ఇవ్వాలి. పైపోస్టులు లోపలివారికి ఇస్తే ఇవ్వండి, కానీ స్ట్రింగర్‌నూ లోపలివాడిగానే లెక్కించండి.

అది జరిగేదాకా మీరు చేయాల్సినవీ ఉన్నాయి. ప్రసారమైన ప్రతి స్టోరీ క్లిప్పూ తేదీతో దాచుకోండి. ఐడీ కార్డు, డబ్బు పడిన మెసేజీలు పారేయకండి. దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తి చేయండి. ప్రసార భారతి వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్లు వారానికోసారి చూడండి. గోండి, కోయ, సవర మాట్లాడగలిగితే బయోడేటాలో పైవరుసలోనే రాయండి. మాకొచ్చే బయోడేటాల్లో చాలామంది ఆ మాట రాయనే రాయడం లేదు.