కొండకు పట్టా లేదన్నారు, రేపు కడలికీ అదే మాట

(సంఘం శిక్షణ తరగతుల్లో, మత్స్యకార ప్రతినిధులు కూడా పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేరుశనగ పండించే అనంతపురం వాళ్ళు సముద్రం గురించి ఏం చెబుతారని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే, మాలో చాలామందికి సముద్రమంటే చెన్నై పోయినప్పుడు ఒక సాయంత్రం చూసిందే. అయితే గాలిమరలతో కాపురం చేసిన అనుభవం మాకుంది. అవి ఇప్పుడు సముద్రంలోకి పోబోతున్నాయి గనుక, మాకు జరిగింది ముందు చెబుతాం.

మా కొండల మీద గాలిమరలు లేచి పాతికేళ్ళు దాటింది. పట్టా ఉన్న రైతులకు ఎంతో కొంత డబ్బు ముట్టింది. తక్కువా ఎక్కువా అన్నది వేరే సంగతి. కానీ ఆ కొండల మీద గొర్రెలు మేపుకునేవాళ్ళున్నారు, కట్టెలు, బోద, సీతాఫలం తెచ్చుకునే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక్క రూపాయి రాలేదు. అడగడానికి పోతే కంపెనీ మనిషి “మీ పేరు అడంగల్లో ఎక్కడుంది?” అన్నాడు. ఎక్కడా లేదు. తాత కాలం నుంచి మేపుకున్నది నిజమే, కానీ కాగితం లేదు. మరల కోసం వేసిన రోడ్లు వంకలకు అడ్డం పడి కింద రెండు కుంటలకు నీళ్ళు తగ్గాయి. అప్పుడు మేము పట్టా రైతుల రేటు కోసం కొట్లాడాం, గొర్రెల కాపరులను మరిచిపోయాం. ఆ తప్పు మాది. ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడడానికి అసలు కారణం అదే.

ఇక సముద్రం సంగతి. కేంద్రం 2015లోనే సముద్ర గాలి విద్యుత్తుకు ఒక జాతీయ విధానం ప్రకటించింది. 2022 నాటికి 5,000 మెగావాట్లు, 2030 నాటికి 30,000 మెగావాట్లు అని 2018లో లక్ష్యం పెట్టుకుంది. 2022 వచ్చింది, పోయింది, ఒక్క టవరూ లేవలేదు. ఖర్చు ఎక్కువ, అందుకే కంపెనీలు ముందుకు రాలేదు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. గుజరాత్ తీరంలో 500, తమిళనాడు తీరంలో 500, మొత్తం 1,000 మెగావాట్లకు 6,853 కోట్లు. మిగిలిన 600 కోట్లు రెండు రేవులను బాగుచేయడానికి. అంటే మెగావాటుకు దాదాపు 6 కోట్ల 85 లక్షలు మన పన్నుల సొమ్ము. ఆ రెండు పద్దుల్లో వల వేసేవాడి పద్దు లేదు.

గాలి కరెంటు వద్దని మేము అనడం లేదు, తప్పుగా అర్థం చేసుకోకండి. బొగ్గు పొగ వల్ల వానల లెక్క తప్పి ముందు మునిగేది మనమే. తీరంలో తుపాన్లకు ముందు మునిగేది మీరే. సముద్రం మీద గాలి నేల మీదికంటే బలంగా, నిలకడగా వీస్తుంది, ఎండ కరెంటు లేని రాత్రిళ్ళు కూడా పనికొస్తుంది. అడగాల్సింది ఎవరి చోటులో పెడుతున్నారు, ఎవరినడిగి పెడుతున్నారు అని.

తమిళనాడులో ఆ చోటు ఎక్కడో చూడండి. కన్యాకుమారి నుంచి తూత్తుకుడి మీదుగా మన్నార్ సింధుశాఖ వైపు. గాలికి దేశంలోనే మేలైన చోటు. తూత్తుకుడి నుంచి మండపం దాకా 21 దీవులతో సముద్ర జాతీయ పార్కు ఉన్నదీ అక్కడే, పగడపు దిబ్బలున్నదీ అక్కడే. సముద్రపు గడ్డి మేసి బతికే డుగాంగ్ ఉంది. దాన్ని వాళ్ళు కడల్ పసు అంటారు, అంటే సముద్రపు ఆవు. దాని కోసమే 2022లో పక్కనున్న పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మనుషుల సంగతి చూస్తే, కూడంకుళం అణు కేంద్రం ఆ తీరంలోనే, తూత్తుకుడి థర్మల్ కేంద్రాలూ ఆ తీరంలోనే. అవతల 1974, 1976 ఒప్పందాలతో శ్రీలంక సరిహద్దు గీత. గీత దాటితే పట్టుకుపోతారు. ఇవతల పార్కు, దీవుల దగ్గరకు పోతే అటవీ శాఖ కేసు. మధ్యలో మిగిలిన నీళ్ళలో ఇప్పుడు టవర్లు.

పెద్ద మర బోట్లు తిరిగే లోతు నీళ్ళలో టవర్లు నాటి, చుట్టూ రావద్దన్నారనుకోండి. ఆ బోట్లు ఇంట్లో కూర్చోవు, ఒడ్డు వైపు జరుగుతాయి. అక్కడ నాటు పడవలవాళ్ళ వలలు తెగుతాయి. కొట్లాట మత్స్యకారులకూ మత్స్యకారులకూ మధ్య పడుతుంది, కంపెనీ పేరు ఎక్కడా రాదు. చెరువు ఆయకట్టు కుదించినప్పుడు పై మడివాళ్ళు, కింది మడివాళ్ళు కొట్టుకోవడం మనం చూడలేదా?

జీవాల సంగతి కూడా వదిలేయలేం. టవరు నిలబెట్టడానికి పెద్ద ఉక్కు గొట్టాలను సుత్తి యంత్రంతో సముద్రపు అడుగులోకి దిగ్గొడతారు. నీళ్ళలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. డాల్ఫిన్లు చెవితోనే దారి చూసుకుంటాయి, ఆ చప్పుడుకు పారిపోతాయి. జర్మనీలో దీనికో హద్దు పెట్టారు: దిగ్గొట్టే చోటు నుంచి 750 మీటర్ల దూరంలో 160 డెసిబెళ్ళు దాటకూడదు. అందుకోసం చుట్టూ గొట్టాలు పరిచి గాలి బుడగల తెర లేపుతున్నారు. అంటే జాగ్రత్త తీసుకోవడం సాధ్యమే, ఖర్చవుతుంది, అంతే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల పునరుత్పత్తి కోసం మర బోట్లకు వేట నిషేధం. మత్స్యకారుడు పస్తుండి ఆ నిషేధం పాటిస్తున్నాడు. మరి సుత్తి యంత్రానికి నిషేధ కాలం ఏది?

మరో పక్కా చెప్పాలి. టవర్ల అడుగున ఆల్చిప్పలు పట్టి, చేపలు చేరడం ఐరోపాలో చూశారు. ట్రాలర్లు అడుగు గీకని చోట చేపలు కోలుకుంటాయి కూడా. కానీ ఆ చేపను పట్టుకునే హక్కు ఎవరికి? బ్రిటన్‌లో టవర్ల మధ్య వేటకు పోనిస్తారు, బెల్జియంలో పోనివ్వరు. గాలం వేసుకునే చిన్న పడవను రానిచ్చి ట్రాలరును ఆపితే చిన్నవాడికి మేలే జరగవచ్చు. ఇది ముందే కాగితం మీద రాయించుకోవాలి. డెన్మార్కులో వేట చట్టం ప్రకారం మరలు పెట్టేవాళ్ళు అక్కడ వేటాడే మత్స్యకారులతో పరిహారం ఒప్పందం చేసుకోవాలి. మనకు సముద్రపు లీజు నిబంధనలు 2023లో వచ్చాయి, 35 ఏళ్ళ లీజు. ఈ రోజు తండ్రితో పడవెక్కే పిల్లవాడు ముసలివాడయ్యేదాకా అన్నమాట.

విరిగితే ఏమిటన్నదీ అడగాలి. 2024 జులైలో అమెరికాలో నాంటకెట్ దీవి దగ్గర సముద్రంలో వంద మీటర్లు దాటిన రెక్క ఒకటి విరిగి, ముక్కలు తీరానికి కొట్టుకొచ్చాయి. కొన్నాళ్ళు బీచ్‌లు మూశారు. మా కొండ మీద పాత మరలు కొన్ని తిరగకుండా తుప్పుపట్టి నిలబడే ఉన్నాయి, దించేవాడు లేడు. ప్రపంచంలో మొదటి సముద్ర గాలిమరల క్షేత్రాన్ని, 11 మరలతో, డెన్మార్కులో 1991లో పెట్టారు, 2017లో ఊడదీశారు. ఊడదీసే డబ్బు కంపెనీ ముందే డిపాజిట్ కట్టాలి.

ఆంధ్ర తీరంలో ఇంకా టవరు లేవలేదు. అందుకే ఇప్పుడు మాట్లాడుతున్నాం. మత్స్యకార సోదరులకు ఒక పని చెబుతాం, చిన్నదే. ఏ ఊరివాళ్ళు ఏ నెలలో ఎంత దూరం పోతారు, ఏ నీళ్ళలో ఏ చేప, తాబేళ్ళు ఎక్కడ కనిపిస్తాయి, ఇవన్నీ మీ తలల్లో ఉన్నాయి. వాటిని పటం మీద గీయించండి, గ్రామసభలో తీర్మానం చేయించి ఒక కాపీ మత్స్యశాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. మా గొర్రెల కాపరుల దగ్గర అలాంటి కాగితం ఒక్కటున్నా ఆ రోజు నోరు మూసుకుని వెనక్కి వచ్చేవాళ్ళం కాదు.

తీర్మానం ముసాయిదా మీ చేతుల్లో ఉంది. మూడో పేరాలో “పడవ యజమానులకు పరిహారం” అని ఉంది. అక్కడ కూలికి వేటకు పోయేవాళ్ళు, చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళు అనే మాటలు కూడా చేర్చాలని మేము ప్రతిపాదిస్తున్నాం. బలపరిచేవాళ్ళు చేతులెత్తండి.