పెట్టెలో రాణి ఉందా?



పెరట్లో తేనెపెట్టె పెట్టుకున్నవాళ్లు వారం పది రోజులకు ఒకసారి దాన్ని తెరిచి చూసుకోవాలి. రోజూ తెరవకూడదు. పుట్టతేనె ఈగలది అసలే అలిగే గుణం. విసిగిస్తే పెట్టె వదిలి లేచిపోతాయి.

ఎండ కాసే పొద్దున, గాలి లేనప్పుడు తెరవాలి. వాన మబ్బుల్లో వద్దు. వాకిలి దగ్గర కొంచెం పొగ పెట్టి, పెట్టెకు పక్కగా నిలబడాలి. ఎదురుగా నిలబడితే ఈగల దారికి అడ్డం. చట్రాన్ని మెల్లగా ఎత్తి పెట్టె మీదనే పట్టుకోవాలి. రాణి జారినా పెట్టెలోనే పడుతుంది.

పేరుకే అది రాణి. ఆజ్ఞలేమీ ఇవ్వదు. గుడ్లు పెట్టడమే దాని పని. అందుకని రాణిని వెతుకుతూ కూర్చోనక్కర్లేదు, గుడ్లు కనబడితే చాలు. ఎండ వీపు మీద పడేలా నిలబడి గదుల్లోకి చూస్తే, అడుగున సన్నని తెల్లని పుల్లలాగా గుడ్డు ఉంటుంది. గుడ్డు మూడు రోజులకు పురుగవుతుంది. కాబట్టి గుడ్డు ఉందంటే మూడు రోజుల లోపల రాణి అక్కడ తిరిగినట్టే.

రాణి ముసలిదైతే పిల్లల గదులు ఒకచోట ఉండవు. నాట్లు చచ్చిన మడిలాగా మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి. కూలి ఈగల గదుల్లో పోతుటీగలు పెరుగుతాయి. ఆ మూతలు ఉబ్బి, మీద సూదిబెజ్జం ఉంటుంది. అయితే తొందరపడి రాణిని తిట్టకూడదు. వానాకాలంలో పూలు లేక ఆకలైనా గుడ్లు తగ్గుతాయి. కిలో పంచదారకు లీటరు నీళ్లు కలిపి సాయంత్రం పెట్టెలో పెట్టి చూడాలి.

పిల్లపురుగులు నీటిసంచిలాగా ఉబ్బి, తల పైకెత్తి చచ్చి ఉంటే అది రాణి తప్పు కాదు. అది థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు. 1991-92లో దక్షిణాదిన ఎన్నో పెట్టెలను ఖాళీ చేసింది అదే. ఆ చట్రాలను ఇంకో పెట్టెలో పెట్టరాదు.

ఒక అక్కకు రెండే పెట్టెలున్నాయి అనుకోండి. ఒకదాంట్లో గుడ్లూ లేవు, పురుగులూ లేవు. ఈగలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. ఇలాగే వదిలేస్తే మైనం పురుగు పడుతుంది. అప్పుడామె మంచి పెట్టెలోంచి గుడ్లున్న చట్రం ఒకటి తీసి, ఈగలను దులిపి, రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకుని, ఇందులో పెట్టాలి. మంచి పెట్టె కొంచెం బలం తగ్గుతుంది, నిజమే. కానీ రెండూ నిలుస్తాయి.

మూడు నాలుగు రోజుల తర్వాత చూస్తే, పట్టు మీద వేరుశనగకాయలా వేలాడే గది కడుతూ ఉంటాయి. అది రాణి గది. రాణి లేదన్న మాట అక్కడ ఖాయం. ఆ గది కట్టలేదంటే రాణి లోపలే ఎక్కడో ఉందన్నమాట. చాలామంది ఈ కాయను తెగులనుకుని గిల్లేస్తారు. గిల్లితే ఆ పెట్టెకు దిక్కుండదు.

తర్వాత చట్రాలు కదపకూడదు. కొత్త రాణి పుట్టాలి, బయటికి ఎగిరి పోతుటీగలతో కలిసి రావాలి. ఇందుకు నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఒక ఎండపొద్దున అక్క పెట్టె తెరిచి, గదుల అడుగున తెల్లని పుల్లలున్నాయేమో చూసుకోవచ్చు.