రేపటి బాధ్యత ఎవరిది?
(మహానంది సమావేశంలో చేసిన ప్రసంగం)



మన పొరుగున అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ఆర్డీటీ పని మొదలుపెట్టారు. ఎక్కువగా స్పెయిన్ ప్రజల విరాళాలతో ఆ సంస్థ బీదలకు ఇళ్ళు, ఆసుపత్రులు కట్టించింది. 2009 జూన్ 19న ఆయన కన్నుమూశారు. పని మాత్రం ఆగలేదు. ఎందుకని? భార్య అన్నే గారు మొదటినుంచీ ఆ పనిలోనే ఉన్నారు. కుమారుడు మాంచో గారూ అందులోనే పెరిగారు.

మన సంఘం ఒక కుటుంబానిది కాదు. కొడుకని కాదు, పని తెలిసినవారని పదవి ఇవ్వాలి. మరి నేర్పుతున్నామా? మొన్న కోశాధికారి గారు మంచం పడితే, సంతకం లేక పిల్లల ఫీజు డబ్బు నెల రోజులు బ్యాంకులోనే ఉండిపోయింది. తప్పు ఆయనది కాదు, రెండో మనిషిని తయారు చేయని మనందరిది.

ఈ ఏటినుంచి ప్రతి బాధ్యుని పక్కన ఒక యువకుణ్ణో, యువతినో కూర్చోబెట్టి లెక్కాపత్రం నేర్పుదాం. కుర్చీలో ఎవరున్నా సరే, బీదపిల్లల చదువు ఆగకూడదు.

ఖుదా హాఫిజ్.