పురుగు బాట, ఉలి బాట

పెరట్లో నిమ్మచెట్టు ఉన్నవాళ్లు దాని లేత ఆకుల్ని ఒకసారి తిప్పి చూడాలి. కొన్నిటి మీద వెండి రంగు చార ఒకటి మెలికలు తిరుగుతూ పోతుంటుంది. ఆకు తొలిచే పురుగు పని అది. పైపొర కింద దూరి, ఆకును తింటూ సాగిన బాట. మొదట్లో దారమంత సన్నంగా ఉండి, పోనుపోను వెడల్పవుతుంది. తింటున్నకొద్దీ పురుగు పెరుగుతుంది మరి! చార సన్నగా ఉన్నచోట దాని పసితనం, వెడల్పుగా ఉన్నచోట దాని ఎదుగుదల కనబడతాయి. రైతుకు నష్టమే. కానీ గీత మాత్రం అందమైనది.

ఇలాంటి పురుగు బాటల్ని యూరప్ శిల్పులు ఏరికోరి రాతి మీద చెక్కారు. పునరుజ్జీవన కాలంలో ఇటలీ భవనాలలో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ అలంకరణ తర్వాత ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ పాకింది. దీన్ని ఎక్కువగా భవనం కింది అంతస్తులోనూ ద్వారాల చుట్టూనూ వాడేవారు. పైభాగం నున్నగా, తేలిగ్గా కనిపించాలంటే మొదలు మొరటుగా, బరువుగా ఉండాలి. కాలం తినేసిన పాతరాయి అన్న భ్రమ కలిగితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది.

పారిస్‌లో పోర్ట్ సేంట్ మార్టిన్ అనే విజయద్వారం ఉంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ గెలుపులకు గుర్తుగా వాస్తుశిల్పి పియేర్ బుల్లే రూపకల్పనలో 1674లో కట్టారు. ఎత్తు సుమారు 18 మీటర్లు. చూడవచ్చినవాళ్ల కళ్లు ముందు పైనున్న యుద్ధశిల్పాల మీదికి పోతాయి. వాటిని కాసేపు వదిలి, కమానుల చుట్టూ పేర్చిన రాళ్లను చూడాలి. వాటి ముఖమంతా మెలికలే. ఎండ ఏటవాలుగా పడినప్పుడు గాడులలో నీడ నిండుతుంది, గట్లు వెలుగుతాయి. నడినెత్తి ఎండలో ఎదురుగా నిలబడి చూస్తే సగం అందం దక్కదు.

ఈ పని చేసే తీరు చూడండి. రాయి ముఖాన్ని చదును చేసి, చుట్టూ సన్నటి అంచు వదులుతారు. లోపల మెలికలు గీసి, వాటి మధ్య భాగాన్ని ఉలితో లోతు చేస్తారు. చెప్పడానికి ఇంతే. చేయడంలోనే ఉంది కష్టం. చెయ్యి అలవాటుకు లొంగుతుంది. ఒకసారి తిరిగిన వంపునే మళ్లీ తిరుగుతుంది. మంచి పనిలో ఏ వంపూ రెండోసారి రాదు, ఏ గీతా తిన్నగా పరుగెత్తదు. అయినా గట్టుకూ గాడికీ తూకం తప్పదు. పనితనాన్ని కొలవాల్సింది ఇక్కడే.

లండన్‌లోని బెడ్‌ఫర్డ్ స్క్వేర్ ఇళ్లు 1775, 1783 మధ్య కట్టినవి. వాటి తలుపుల చుట్టూ ఇవే మెలికలు ఉన్నాయి, కానీ చెక్కినవి కావు. ఎలినార్ కోడ్ అనే మహిళ లాంబెత్‌లో నడిపిన కార్ఖానాలో మట్టిమిశ్రమాన్ని అచ్చుల్లో నొక్కి, బట్టీలో కాల్చి చేసిన దిమ్మెలు. రెండు వందల ఏళ్లు దాటినా గట్టిగానే నిలిచాయి. ఆ నాణ్యతకు దండం పెట్టాలి. అయితే ఒకే అచ్చులోంచి వచ్చిన దిమ్మెల మీద మెలికలూ ఒకటే. అందువల్ల ప్రాణం పారిస్ రాళ్లలోనే ఎక్కువ.

పురుగు లేకుండానే ప్రకృతి ఈ గీతల్ని గీస్తుంది. చలికాలంలో కొల్లేటికీ పులికాట్‌కూ వలస వచ్చే సూదితోక బాతుల్లో మగదాని పక్కలు దూరానికి ఉత్త బూడిదరంగుగా ఉంటాయి. బైనాక్యులర్స్‌లో చూస్తే ఆ బూడిదరంగంతా సన్నటి నల్లని అలలే! ఇలాంటి నమూనాలు ఎలా పుడతాయో వివరించే గణితాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో ప్రతిపాదించాడు. రంగును పుట్టించే పదార్థం ఒకటి, దాన్ని అణచేది ఇంకొకటి. అణచేది మొదటిదానికంటే వేగంగా వ్యాపించాలి. వాటి పాళ్లను బట్టి చుక్కలో, చారలో, చిక్కుదారులో ఏర్పడతాయి. ఏ చేయీ గీయనక్కర్లేదు.

మనిషి చేతికి మాత్రం అది అంత సులువు కాదు. ఈ ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని, కాగితం మీద అరచేతంత గడి గీసి, ఒక్క వంపూ తిరిగి రాకుండా మెలికలతో నింపి చూడండి. ఆ తర్వాత పోర్ట్ సేంట్ మార్టిన్ ఫొటో ఒకటి వెతికి, కమాను పక్క రాళ్లను పెద్దవి చేసి చూడండి.